కొసరు రబ్బరు

మా స్టీలు సామాన్ల దుకాణానికి వచ్చిన గిరాకి నా మొహం చూసి మోసపోయేవాడు. పై వరుసలో నాలుగు పళ్ళు ముందుకు ఉండడం వల్ల నా పెదవులు పూర్తిగా మూసుకునేవి కావు. దాంతో నేను కోపంగా ఉన్నా, ఆవలింత ఆపుకుంటున్నా, ఎదుటివాడు అడిగిన ధరకు లోపల మండిపోతున్నా, చూసేవాళ్ళకు నవ్వుతున్నట్టే ఉండేది. అక్క నవ్వుతున్నది, ఒప్పుకున్నట్టే అనుకుని గిరాకి బిందెను చేతిలోకి తీసుకునేవాడు. అప్పుడు నేను అసలు ధర చెప్పేదాన్ని. చేతిలోకి వచ్చిన సరుకును మళ్ళీ కింద పెట్టడం మనిషికి ఎంత కష్టమో చిట్యాలలో మా నాయిన కిరాణా దుకాణంలో, గల్లా పక్కన గోనెసంచి మీద కూర్చుని నేర్చుకున్నాను. బడిలో కూడా కొంత నేర్చుకున్నాను గాని, అది ఇంతగా అక్కరకు రాలేదు.

అంత పనికొచ్చే పళ్ళను నలభై దగ్గర పడుతుండగా సరిచేయించుకోవాలని ఎందుకు బుద్ధి పుట్టిందంటే, ఫోన్ల వల్ల. తెలంగాణ వచ్చిన కొత్తలో నల్గొండలో దుకాణానికి వచ్చినవాళ్ళు సామాను కొనుక్కుని వెళ్ళిపోయేవాళ్ళు. కొన్నేళ్ళు గడిచేసరికి పెళ్ళి సామాను కొన్న ప్రతి కుటుంబం వంట బగోనెల వరుస ముందు నిలబడి, నన్ను కూడా చెయ్యి పట్టి లాగి సెల్ఫీ తీసుకోవడం మొదలైంది. ఆ ఫొటోలు వాట్సాప్ స్టేటసుల్లో తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చేవి. పెళ్ళికూతురి కన్నా ముందు నా పళ్ళు వచ్చి నిలబడేవి.

మా ఆయన ఒకటే ధర చెప్పే మనిషి. తీసుకుంటే తీసుకో, లేకపోతే మంచినీళ్ళు తాగి పో అన్నట్టు కూర్చుంటాడు. క్లిప్పులు పెట్టించుకుంటానంటే ఆయన ఒకే ఒక్క అభ్యంతరం చెప్పాడు.

"నీ మొఖం సీరియసయితే గిరాకి లోపలికి రాడే."

"నీ మొఖం చూసి ఇన్నేండ్లు వస్తలేడా?" అన్నాను. అంతటితో ఇంట్లో అనుమతి దొరికింది.

గడియారం చౌరస్తాకు కొంచెం లోపల, మందుల దుకాణం పైన మేడ మీద కొత్తగా ఒక పళ్ళ దవాఖాన పెట్టారు. డాక్టరు మా మేనల్లుడి ఈడువాడు. నా నోరు చూసి, ఎక్స్‌రే తీసి, పై వరుసలో రెండు పక్కలా ఒక్కొక్క పన్ను తీసేసి ఆ జాగాలోకి ముందువాటిని జరుపుతానన్నాడు. మంచి పళ్ళు రెండు పీకి, పీకినందుకు నా దగ్గరే పైసలు తీసుకునే ఆ ధందా నాకు భలే నచ్చింది. స్టీలులో అంత లాభం లేదు.

"రెండేండ్లు పడుతదక్కా" అన్నాడు.

"ఏడాది చెయ్యుండ్రి."

"నేను చెప్పింది ధర కాదక్కా, టైం."

"నేనూ టైమే అంటున్న. ధర ఇంకా మొదలుపెట్టలే."

పిల్లవాడు నవ్వాడు. పన్నును మెల్లగా నెట్టాలని, ముందున్న ఎముక కరిగి వెనక కొత్త ఎముక రావాలని, తొందరపెడితే పని చెడుతుందని ఓపికగా చెప్పాడు. నేనూ ఓపికగా విన్నాను. సరుకు ఎందుకు పిరమో అమ్మేవాడు చెప్పేటప్పుడు మధ్యలో అడ్డుపడకూడదు. చెప్పడం అయిపోయాక ఏడాదిన్నర అన్నాను. "చూద్దామక్కా" అన్నాడు. మా బజారులో చూద్దామంటే ఒప్పుకున్నట్టే. డబ్బు దగ్గరికి వచ్చేసరికి ఫోన్ తీసి, హైదరాబాదులో ఇంకెవరో పెట్టిన ప్రకటన చూపించాను. గిరాకులు ఆన్‌లైన్ ధరలు చూపించి నన్ను ఏడిపించే పద్ధతే అది. అతను కొంచెం తగ్గాడు. మెట్లు దిగుతుంటే మనసులో ఒకటే బాధ. అంత తొందరగా తగ్గాడంటే నేను ఇంకా కిందినుంచి మొదలుపెట్టాల్సింది.

తీగ బిగించాక ఒక వారం నోరంతా పుండ్లు పడి మాట పెగలలేదు. ఎవరేం అడిగినా వేళ్ళతో ధర చూపించి ఊరుకున్నాను. ఆ వారం అమ్మకాలు ఏమీ తగ్గలేదని మా ఆయన బజారులో కనిపించినవాళ్ళకల్లా చెప్పాడు.

సరిగ్గా ఆ వారంలోనే కేతేపల్లి దిక్కు నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది. గొర్ల మంద ఉన్న ఇల్లు వాళ్ళది. ఇంట్లో ఏ కార్యం జరిగినా గిన్నెలు, బిందెలు మా దగ్గరే కొంటుంది. నాతో సమానంగా బేరమాడగల మనిషిని ఆమెను తప్ప ఇంకొకరిని నేను చూడలేదు. ఆమె వచ్చిందంటే మా ఆయన గల్లా వదిలి చాయ్ తాగడానికి పోతాడు. నా నోట్లో మెరుస్తున్న తీగ చూసి ఆమె కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది.

"ఏందే బిడ్డా, నోటికి కంచె కొట్టిచ్చినవ్?"

"పండ్లు లోపలికి పోతయంట పెద్దమ్మా" అన్నాను ముక్కుతో.

"ఏదీ, తెరువు." గడ్డం పట్టుకుని నా మొహం వెలుగుకు తిప్పింది. అంగట్లో పొట్టేలు వయసు తెలుసుకోవడానికి పెదవి లాగి పళ్ళు చూస్తారే, అచ్చం అట్లా చూసింది. "మా దాంట్ల రెండు పండ్లది, నాలుగు పండ్లది అని చూసి ధర కడతం. గిట్ల తీగ కట్టినదానికి ఏం ధర కట్టాల్నో నాకు సమజైత లేదు."

జవాబు నాలుక చివర దాకా వచ్చింది గాని, తీగ గుచ్చుకుని అక్కడే ఆగిపోయింది. ఆ అదను చూసుకుని ఆమె పెద్ద బగోనెకు ధర తనే చెప్పింది, తనే ఒప్పుకుంది, పైన ఒక గరిటె కొసరు కూడా తీసుకుని వెళ్ళిపోయింది.

కొసరు గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. తూకం సరిపోయి ముల్లు నిలబడ్డాక పైన వేసే గుప్పెడే కొసరు. మా నాయిన దుకాణంలో కొసరు అడగని గిరాకి ఉండేవాడు కాదు. అడగకుండా పోతే మా నాయినే కొంచెం గాబరా పడేవాడు. అయితే ఆ గుప్పెడు ఎక్కడినుంచో ఊడిపడదని దుకాణదారు బిడ్డగా నాకు తెలుసు. అడుగుతారని తెలిసినవాడు ముందే కొంత వెనక్కి పెట్టుకుంటాడు. అడిగినవాడికి అతని వాటా అతనికి ముడుతుంది. అడగనివాడిది దుకాణంలోనే మిగిలిపోతుంది. కాబట్టి ఎవరు ఏది ఇచ్చినా, ఇంత అని కొలిచి చెప్పినా, అందులో నాకు రావాల్సింది ఇంకొంచెం వాళ్ళ దగ్గరే ఉందని నేను నమ్ముతాను. ఈ నమ్మకం బట్టల షాపులో పనిచేసింది, బంగారం షాపులో పనిచేసింది, ఇల్లు కట్టించేటప్పుడు మేస్త్రీ దగ్గర కూడా పనిచేసింది. పళ్ళ దవాఖానలో ఎందుకు పనిచేయదో ఆలోచించాల్సిన అవసరం నాకు కనిపించలేదు.

నెలకొకసారి డాక్టరు తీగ మార్చి బిగించేవాడు. కుర్చీ దిగే ముందు నేను అడిగేదాన్ని.

"జర ఇంకింత బిగించుండ్రి."

"చాలక్కా."

"ఇంత దూరం వచ్చిన. ఇంకో మెలిక వేస్తే ఏం పోతది?"

"ఇవేం కూరగాయలు కాదక్కా."

"కూరగాయలోడయితే అడగకుంటనే కరివేపాకు ఏస్తడు."

అతను నవ్వేవాడు గాని వేసేవాడు కాదు. గట్టి పిండం. అతని మీద నాకు గౌరవం పెరిగింది, అనుమానం కూడా పెరిగింది. ఇంత గట్టిగా పట్టుకున్నాడంటే లోపల ఎంత దాచిపెట్టుకున్నాడో.

కొన్ని నెలలకు రబ్బర్లు ఇచ్చాడు. చిన్న పాకెట్టు, అందులో చంటిపిల్ల వేలి ఉంగరమంత రబ్బరు చుట్టలు. ఒక కొస పై కోరపన్ను దగ్గరున్న కొక్కేనికి, ఇంకో కొస కింది దవడ పన్నుకు తగిలించాలి. పక్కకొకటి. రోజూ పాతది తీసి కొత్తది పెట్టుకోవాలి. ముందు పళ్ళను వెనక్కి లాగేది అదే.

"ఒక్కటేనా?" అన్నాను.

"ఒక్కటేనక్కా."

ఇంటికి వచ్చి అద్దం ముందు నిలబడి పక్కకు రెండు పెట్టుకున్నాను.

అడగాల్సిన పని లేదు, బతిమాలాల్సిన పని లేదు, పాకెట్టు నా చేతిలోనే ఉంది. కొసరు నాకు నేనే వేసుకున్న మొదటి సందర్భం అదే. రెండో రబ్బరు పెట్టుకున్న రాత్రి పళ్ళు తీపులు తీశాయి. తెల్లారి ఉప్మా కూడా నమలలేకపోయాను. అయినా సంతోషంగానే ఉంది. నొప్పి ఉందంటే పని జరుగుతున్నట్టే కదా. ఒక్క రబ్బరు పెట్టుకున్నవాళ్ళు ఒక్క రబ్బరంత అందంగా అవుతారు, నేను రెండు రబ్బర్లంత అవుతాను.

నిజంగానే పళ్ళు కదిలాయి. నెల తిరిగేసరికి పక్క సందు పూడుతున్నట్టు అద్దంలో కనిపించింది. "మంచిగొస్తున్నయక్కా, అనుకున్నదానికన్న జల్దీ వస్తున్నయి" అని డాక్టరే మెచ్చుకున్నాడు. ఏడాదిన్నర బేరం నాదే గెలిచిందని నేను లోపల గల్లా పెట్టె మూసుకున్నాను. రబ్బరు పాకెట్లు సగం రోజుల్లోనే అయిపోయేవి. ఎందుకయ్యాయని డాక్టరు అడిగితే, నల్లా కింద కొట్టుకపోయినయని ఒకసారి, తెగిపోయినయని ఒకసారి చెప్పాను. మధ్యలో ఒక ఎక్స్‌రే తీద్దామన్నాడు. "మొన్ననే తీసిండ్రు గద. నా దవడ ఏడికన్న పోయిందా?" అన్నాను. అతను బలవంతపెట్టలేదు. ఆ ఖర్చు మిగిలిందే చాలనుకున్నాను.

ఇంకొన్ని నెలలకు ఒకరోజు జామకాయ కొరకబోతే ముందు పన్ను ఒకటి ఉలిక్కిపడ్డట్టయింది. నొప్పి కాదు. కుర్చీ కాలు పొట్టిగా ఉంటే కూర్చోగానే తెలుస్తుందే, అట్లాంటిది. జామకాయ పక్కన పెట్టి నాలుకతో తోసి చూశాను. కదిలినట్టూ ఉంది, కదలనట్టూ ఉంది. జరుగుతున్న పన్ను కదలకుండా ఎట్లా ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పుకుని, ఆ జామకాయను కత్తితో ముక్కలు కోసుకుని తిన్నాను.

ఆ నెల డాక్టరు అద్దం పుల్లతో ఆ పన్నును మెల్లగా తట్టాడు. పక్కదాన్నీ తట్టాడు. నవ్వడం మానేశాడు.

"ఎక్స్‌రే తీద్దామక్కా."

"ఎంతయితది?"

"ఊరికే తీస్త."

నాకు భయం మొదలైంది ఆ మాటతోనే. అడగకుండా ఊరికే ఇచ్చేవాడి దగ్గర పాడైన సరుకన్నా ఉండాలి, పాడు వార్తన్నా ఉండాలి.

కంప్యూటరు తెర మీద రెండు ఎక్స్‌రేలు పక్కపక్కన పెట్టాడు. ఎడమవైపుది మొదటి రోజుది. అందులో నా ముందు పళ్ళ వేర్లు సన్నగా, పొడుగ్గా, కొనదేరి పైదవడలోకి చొచ్చుకుపోయి ఉన్నాయి. కుడివైపుది అప్పుడే తీసింది. పళ్ళు అవే. వేర్ల కొనలు మాత్రం లేవు. చెక్కీ చెక్కీ సగం చేసిన పెన్సిళ్ళ మాదిరిగా మొండిగా, గుండ్రంగా ఆగిపోయాయి.

"వేర్లు పొట్టిగైనయక్కా."

"మళ్ళ పెరుగుతయా?"

"పెరగవు."

"ఎంత పోయింది?"

"నడిమిట్ల రెండింటికి మూడో వంతు దాకా పోయినట్టున్నది. పక్కవాటికి జర తక్కువ."

తూకంలో మూడో వంతు తగ్గించి ఇచ్చినవాడిని నా జీవితంలో చూడలేదు. చూసి ఉంటే బజారంతా ఏకం చేసేదాన్ని. ఇక్కడ ఎవరి మీద అరవాలో తెలియలేదు. "మీ మిషన్ మంచిగనే ఉన్నదా?" అని మాత్రం అడిగాను.

అతను కోపం తెచ్చుకోలేదు. స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుని చెప్పాడు. "మట్టిల గుంజ పాతినమనుకో అక్కా. మెల్లగ నెడితే ముందట మట్టి జరుగుతది, ఎనుక నిండుతది, గుంజ నిలబడే జరుగుతది. క్లిప్పులు పెట్టినోళ్ళల్ల శానమందికి వేరు కొన జరంత అరుగుతది, దాంతోని ఏం కాదు. కొందరికే గింత అరుగుతది. ఇప్పుడు ఆపితే అరుగుడు ఆగుతది, ఇవే పండ్లతోని ఏండ్లకేండ్లు ఎల్లిపోతది. గిట్లనే లాగితే ఇంకా పొట్టిగైతయి. వదులైతయి. ఒకనాటికి ఊడినా ఊడుతయి."

కుర్చీలో వెనక్కి వాలి ఉన్న నాకు పైన లైటు తప్ప ఏమీ కనిపించలేదు. ఊడతాయి అనే మాట మాత్రం గదిలో తిరుగుతూనే ఉంది. ఎత్తుగా ఉంటే ఉన్నాయి గాని, నలభై ఏళ్ళు ఊడే ఆలోచన లేకుండా ఉన్న పళ్ళు అవి.

"రబ్బర్లు ఎన్ని పెడుతున్నరు?" అన్నాడు.

"మీరు చెప్పినట్టే."

"అక్కా."

"పక్కకొకటి."

"అక్కా, పాకెట్లు నేనే ఇస్తున్న గద. ఎన్ని రోజులకొకసారి అడుగుతున్నరో నాకు తెల్వదా?"

"మరి తెలిసి అప్పుడే ఎందుకు అడగలే?" అన్నాను. ఓడిపోతున్న బేరంలో కూడా ఎదురు ప్రశ్న వేయకుండా ఉండలేను.

"నల్లా కింద పోయినయంటే నమ్మిన."

నమ్మాడట. ఇంత బజారులో నా మాట నమ్మిన మనిషి ఒక్కడు దొరికితే, అతని దగ్గరే నేను నష్టపోయాను.

"అయితే గా రెండో రబ్బరుతోనే గిట్లయిందా?"

"గట్ల చెప్పలేనక్కా. మీ వేర్ల కొనలు మొదటినుంచే సన్నగ ఉండె. శాన దూరం లాగినం. కొందరి ఒంటి తీరే గట్లుంటది, ఒక్క రబ్బరు పెట్టినా అరుగుతది. మధ్యల ఎక్స్‌రే తీసుంటే ముందుగాల తెలుస్తుండె. రెండో రబ్బరు మంచి మాత్రం చెయ్యలే."

అంతకన్నా గట్టిగా అతను చెప్పలేదు. తప్పు మొత్తం నాదే అన్నా నేను ఒప్పుకునేదాన్ని. అప్పుడు దాన్ని మానేస్తే సరిపోయేది. మొత్తం అతనిదే అంటే ఇంకా మంచిది. అటూ ఇటూ కాకుండా కొంత నాది, కొంత నా ఒంటిది, కొంత ఎవరిదీ కాదంటే ఎవరితో తగువు పెట్టుకోవాలి?

మూణ్ణెల్లు ఏమీ చేయొద్దన్నాడు. రబ్బర్లు బంద్. తీగ ఊరికే ఉంటుంది, లాగదు. తర్వాత మళ్ళీ ఎక్స్‌రే తీసి, ముందుకు పోవాలో ఆపేయాలో చూద్దామన్నాడు. ఆపేస్తే నా నోరు ఎట్లా ఉంటుందో అద్దంలో చూసుకుంటూనే ఉన్నాను. ముందు పళ్ళు సగం దాకా లోపలికి వచ్చాయి. పీకేసిన పళ్ళ జాగాలో రెండు పక్కలా సందులు సగం పూడి, సగం మిగిలి ఉన్నాయి. సగం కట్టి వదిలేసిన ప్రహరీ గోడ తీరు.

ఆ మూణ్ణెల్లలో నేను చేసిన మొదటి పని ఇంకో దుకాణంలో ధర అడగడం. ఎక్స్‌రేలు ఫోన్‌లో వేసుకుని, మా ఆయనను వెంటబెట్టుకుని హైదరాబాదుకు పోయాను. రెండో దుకాణంలో మొదటి దుకాణం ధర చెప్పకూడదు. అందుకని అక్కడి పెద్ద డాక్టరు అడిగినదానికి తప్ప నోరు విప్పలేదు. ఆమె ఎక్స్‌రేలు చూసి అవే మాటలు చెప్పింది. వేర్లు పొట్టిగైనయి, తిరిగి పెరగవు, ఆగి చూడాలి. ఆమె మాటల్లో గుంజ ఒక్కటే లేదు, మిగతాదంతా అదే.

తిరుగు బస్సులో చౌటుప్పల్ దాటాక ఫోన్‌లో ఎక్స్‌రేలు మళ్ళీ తెరిచి చూశాను.

"రెండు దుకాణాల్ల ఒకటే ధర చెప్పిండ్రంటే ఏందో తెలుసునా?" అన్నాను చివరికి.

"కుమ్మక్కయిండ్రు" అన్నాడు మా ఆయన, నన్ను సంతోషపెట్టడానికి.

"వాళ్ళకు వీళ్ళెవరో తెల్వదు."

"గట్లయితే గదే ఖరాఖండీ ధర" అని కిటికీ వైపు తిరిగి పడుకున్నాడు. జీవితమంతా ఒకటే ధర చెప్పే మనిషికి అందులో బాధపడాల్సింది ఏమీ కనిపించలేదు.

మిగిలిన రబ్బరు పాకెట్లు గల్లాలో ఉన్నాయి. తీసినప్పుడల్లా కనిపించేవి. ఉన్న సరుకును వాడకుండా పెట్టుకోవడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. ఒక్కటే, మెత్తగా, పగటిపూట మాత్రమే పెట్టుకుంటే ఏమైతుందని ఒకరోజు పాకెట్టు చింపాను కూడా. మా ఆయన చూశాడు. ఏమీ అనకుండా అన్ని పాకెట్లూ తీసుకుపోయి, పచ్చిమిరపకాయల బండి పెట్టుకునే ఆమెకు కొత్తిమీర కట్టలకు చుట్టుకొమ్మని ఇచ్చి వచ్చాడు. బేరం లేదు, బదులు లేదు. ఊరికే ఇచ్చేశాడు. ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు.

పెద్దమ్మ ఆ రోజుల్లోనే మళ్ళీ వచ్చింది. మనవరాలి ఫంక్షన్‌కు చెంబులు కావాలంది. నేను ధర చెప్తే సగానికి అడిగింది. నేను ఊరుకున్నాను. ఆమె ఇంకొంచెం తగ్గించింది. అప్పుడూ ఊరుకున్నాను. చెంబు కింద పెట్టి నా దిక్కు చూసింది.

"ఏమైందే? పానం బాగలేదా? తిడ్తలేవేంది?"

ముందు పళ్ళు వదులైతాయేమోనని చెప్పాను. వేర్లు అరిగాయని చెప్పాను. ఆమె తన పద్ధతిలో ఓదార్చింది.

"పండ్లు కదిలిన గొర్రె మేత మెయ్యదు బిడ్డా. బక్కపడ్తది. గప్పుడు దాన్ని కటికోడు తప్ప ఎవ్వడు కొనడు."

"పెద్దమ్మా!"

"నీకేందే, నువ్వు గడ్డి మేస్తవా? నీకు అన్నం కలిపి పెట్టేటోడు ఉన్నడు" అని గల్లా దగ్గర కూర్చున్న మా ఆయనను చూపించింది. ఆయన సిగ్గుపడ్డాడు. నాకు నవ్వు వచ్చి, నవ్వితే పక్క సందులు కనిపిస్తాయని చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఆమె నా చెయ్యి తీసేసి నోట్లోకి చూసింది. "సందుదేముంది, నోరు మూసుకుంటే కనపడది" అని, అంతదాకా తాను అడిగిన ధరలన్నీ మరిచిపోయి నేను మొదట చెప్పిన ధరకే చెంబులు కట్టించుకుని పోయింది. అంతకన్నా నన్ను భయపెట్టిన సంగతి ఇంకొకటి లేదు. ఆమె నా దగ్గర బేరం మానేసిందంటే నా పని అయిపోయినట్టే లెక్క.

మూణ్ణెల్ల తర్వాత ఎక్స్‌రే తీశారు. డాక్టరు రెండు పాతవాటి పక్కన మూడోది పెట్టి, చాలాసేపు కొలిచాడు. నేను గోడ మీద బోర్డులో చిగుళ్ళ బొమ్మలు చూస్తూ కూర్చున్నాను.

"ఆగిందక్కా. ఇంకేం తగ్గలే."

ఆ మాట వినగానే పాత బుద్ధి లేచి కూర్చుంది.

"అయితే మిగతాది కానిద్దామా?"

రెండు దారులు చెప్పాడు. తేలిక తీగతో, చాలా మెల్లగా, నెలల తరబడి లాగి సందులు పూడ్చవచ్చు. మళ్ళీ అరగవచ్చు, అరగకపోవచ్చు. లేదంటే ఇక్కడితో తీసేసి, పళ్ళు ఉన్నచోట ఉండేటట్టు వెనక ఒక సన్న తీగ అంటించి వదిలేయవచ్చు. సందులు ఉంటాయి, ఎత్తు కొంచెం ఉంటుంది.

"అరిగితే ఎంత అరుగుతది?"

"చెప్పలేను."

"అందాజగ?"

"అందాజ కూడ చెప్పలేనక్కా."

"సగం దూరమే లాగుదం. సగం సందు పూడితే చాలు."

"సగం దూరమయినా లాగుడు లాగుడే గద."

ఎటు తిప్పినా పట్టు దొరకలేదు. అతను అమ్మాలని చూస్తే నేను తగ్గించగలను. అమ్మడానికి ఇష్టం లేనివాడిని ఏం చేయాలి? అప్పుడు, మా దుకాణంలో రోజూ ఎవరో ఒకరు నన్ను అడిగే మాట నా నోటినుంచి వచ్చింది. రెండు కుక్కర్ల మధ్య తేల్చుకోలేని ఆడవాళ్ళు చివరికి "అక్కా, మీ ఇంట్లకయితే ఏది తీసుకపోతవు?" అంటారు. నన్ను సొంత మనిషి అనుకుని అడుగుతారు. నేను క్షణం ఆలస్యం చేయకుండా, ఏది అమ్మితే నాకు ఎక్కువ మిగులుతుందో దాన్ని చూపిస్తాను. ఆలస్యం చేస్తే నమ్మరు.

"మీ అమ్మకయితే ఏం చేస్తరు?" అని అడిగాను.

అడిగి అతని మొహం చూశాను. నేను చెప్పే జవాబు నాకు తెలుసు కాబట్టి, దొంగ జవాబు ఎంత వేగంగా వస్తుందో కూడా నాకు తెలుసు. అతను ఎక్స్‌రే వంక తిరిగాడు. వేలు పెట్టి ఆ పొట్టి వేర్లను ఒక్కొక్కటే మళ్ళీ చూశాడు. ఒకసారి నా నోటి వంక చూశాడు. కింద మందుల దుకాణంలో ఎవరో షట్టరు సగం దించి మళ్ళీ ఎత్తారు. అంతసేపు పట్టింది.

"తీసేస్త" అన్నాడు. "మా అమ్మ కొట్లాడుతది. అయినా తీసేస్త."

"అయితే తీసెయ్యుండ్రి" అన్నాను.

ఒక్కొక్క క్లిప్పు ఊడదీస్తుంటే టక్కు టక్కుమని శబ్దం పుర్రె లోపలికి వినిపించింది. ప్రతి టక్కుకూ పన్ను కూడా వచ్చిందేమోనని కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. రాలేదు. అంటుకున్న జిగురు గీకి, వెనక సన్న తీగ అంటించి, అద్దం చేతికిచ్చాడు. పళ్ళు నున్నగా, కొంచెం ముందుకే ఉన్నాయి. పెదవులు మూసుకుంటే మూసుకున్నాయి, కొంచెం తంటా పడి. నవ్వితే రెండు పక్కలా సందులు.

"ఎట్లున్నదక్కా?"

"సగం పనికి మంచిగనే ఉన్నది."

"గట్టివి కొరకొద్దు. కోసుకుని తినుండ్రి. నాలుకతోని, వేలుతోని ఊకూకె కదిలించి చూడొద్దు. ఏడాదికొకసారి వచ్చి చూపించుకోవాలె."

అన్నిటికీ తలూపాను. ఒక్కదానికీ బేరమాడలేదని అతనికే అనుమానం వచ్చినట్టుంది, "సమజైందా అక్కా?" అని ఇంకోసారి అడిగాడు. అయిందన్నాను.

మెట్ల మొదట్లో చెప్పులు వేసుకుంటూ నోరు మూసుకుని, నాలుకతో ముందు పళ్ళను మెల్లగా ఒకసారి తోశాను. నిలబడ్డాయి. ఇంకొక్కసారి తోద్దామని నాలుక పైకి లేచింది. ఆపాను.